సమీపమనగా ఎంత దూరము?

గ్రామ పాఠశాల హాజరుపట్టీలో పేరు గల పిల్లలందరును తరగతిలో కనబడరు. తలిదండ్రుల వెంట వలసపోయినవారు, జ్వరపడినవారు, లెక్కల పరీక్షనాడు కడుపునొప్పి తెచ్చుకొనువారు - వీరి సంగతి ఉపాధ్యాయునకు తెలియనిది కాదు. కబురంపిన వత్తురు, రానిచో తోటి పిల్లలు పోయి పిలుచుకొని వత్తురు. వీరు గాక, పట్టీలో పేరుండి, ఊరిలోనే యుండి, పిలిచినను రాలేని బిడ్డ యొకరు పెక్కు గ్రామములలో ఉందురు. పట్టీలో ఆ పేరు ప్రక్కన ప్రత్యేకావసరములు గల బిడ్డ యని వ్రాయబడి యుండును. వ్రాసిన పిమ్మట ఆ పుట త్రిప్పబడును.

ఊరివారు ఆ బిడ్డను 'పోలియో పిల్ల' యందురు. వచ్చినది పోలియో కాదు. పోలియో ఈ దేశమును విడిచి పుష్కరకాలము దాటినది. 2011 జనవరిలో పశ్చిమ బెంగాలులోని హౌరా జిల్లాలో కనబడినదే కడపటి కేసు. 2014 మార్చి 27వ తేదీన ఆగ్నేయాసియా ప్రాంతమంతయు పోలియో రహితమైనదని ప్రకటింపబడినది. జబ్బు పోయినను దాని పేరు పల్లెలలో నిలిచిపోయి, కాలు వంకరయైన ప్రతి శిశువునకును అదియే తగిలింపబడుచున్నది. పేరు తప్పైనంత మాత్రమున వచ్చు నష్టమేమి యని యెవరైన అడుగవచ్చును. నష్టము గలదు. పోలియోలో దెబ్బ వెన్నుపాములోని నాడీకణములకు తగులును. కాలు చచ్చుపడి వ్రేలాడును. ఈ బిడ్డలకు దెబ్బ తగిలినది మెదడునకు. వీరిలో అధిక సంఖ్యాకుల కండరములు చచ్చుపడుటకు బదులు బిగుసుకొనును. ఆ రెంటికిని చేయవలసిన పని వేరు. అంతకంటె పెద్ద నష్టము, పోలియో యన్నంతనే 'అయిపోయినది, ఇక చేయునదేమున్నది' అను మాట వెంటనే వచ్చును. ఈ బిడ్డల విషయమున చేయవలసినది చాల యున్నది. అది చేయుటకు గడువు మాత్రము చాల స్వల్పము.

తెలుగులో మస్తిష్క పక్షవాతమని వ్యవహరింపబడుచున్న ఈ స్థితిని వైద్యులు సెరిబ్రల్ పాల్సీ యందురు. గర్భమునందో, ప్రసవ సమయముననో, పుట్టిన పిదప తొలి మాసములలోనో, ఇంకను పెరుగుచున్న మెదడు దెబ్బతినుటచే ఇది కలుగును. నెలలు నిండక పుట్టుట, పుట్టినంతనే ఊపిరి యందకపోవుట, తీవ్రమైన కామెర్లు, మెదడు పొరలకు వచ్చు వాపు - ఇవి ముఖ్యముగా చెప్పబడు కారణములు. సంపన్న దేశములందు సైతము వేయి జననములకు ఒకరిద్దరు బిడ్డలు దీని వాతబడుచున్నారు. తక్కువ ఆదాయము గల దేశములలో ఆ సంఖ్య యింకను ఎక్కువ.

దీనిని మొదట వివరముగ వర్ణించినవాడు విలియం జాన్ లిటిల్ అను ఆంగ్ల వైద్యుడు. ఆయనకే చిన్ననాడు పాదము వంకరవోయినది. జర్మనీ పోయి శస్త్రచికిత్స చేయించుకొని, ఆ విద్యనే అభ్యసించి స్వదేశమునకు తెచ్చెను. 1861లో లండను ప్రసూతి వైద్యుల సంఘమున ఆయన చదివిన వ్యాసమునుబట్టి చాలకాలము దీనిని 'లిటిల్ వ్యాధి' యనిరి. కష్ట ప్రసవమే దీనికి మూలమని ఆయన మతము. మనస్తత్త్వ శాస్త్రము వలన పిదప లోకప్రసిద్ధుడైన ఫ్రాయిడ్ 1897లో ఈ పిల్లలను గూర్చి యొక గ్రంథము వ్రాసి, దోషము గర్భములోనే యేర్పడి యుండవచ్చుననియు, కష్ట ప్రసవము దాని ఫలితమే కావచ్చుననియు సందేహము వెలిబుచ్చెను. అధిక సంఖ్యాకుల విషయమున పురిటినాటి యూపిరి కొరత ఒక్కటియే కారణము కాదని నేటి శాస్త్రము అంగీకరించినది. పల్లెలో ఈనాటికిని నింద పడునది తల్లి మీదనే గనుక, ఈ పాతముచ్చట ఇచ్చట జ్ఞప్తికి తెచ్చుట అప్రస్తుతము కాదు.

మెదడులోని దెబ్బ పెరుగదు, బిడ్డ పెరుగును. చిక్కంతయు ఇందే యున్నది. ఎముక యేటికేడు సాగుచుండగా, సదా బిగిసియుండు కండరము దానితో సమముగా సాగజాలదు. అందుచే మడమ నేలనంటదు. బిడ్డ మునివేళ్లపై నిలుచును. తొడలు రెండును కత్తెర కాళ్ల వలె ఒకదానిపై నొకటి పడును. మోకాలు పూర్తిగా చాపబడదు. కొన్నేండ్లకు ఆ కీలు పట్టుకొనిపోయి, నిద్రలో సైతము వదలదు. ఈ బిడ్డలలో మూడింట నొకవంతు మందికి తుంటి యెముక గిన్నె నుండి మెల్లమెల్లగ తొలగును. తొలగుచున్నట్లు పైకి తెలియదు, నొప్పి పుట్టిన తరువాత తెలియును. పుట్టినప్పుడు ఎట్టి వంకరయు లేని కాళ్లు పదేండ్లకు వంకరపోవుట చూచి తలిదండ్రులు జబ్బు ముదిరినదందురు. ముదిరినది జబ్బు కాదు. అడ్డుకొనదగిన దానిని అడ్డుకొనువారు లేకపోయిరి.

ఆ అడ్డుకొనువారే ఫిజియోథెరపిస్టులు. వారి విద్య వ్యాయామము నేర్పుట యొక్కటియే కాదు. ఏ కండరము బిగిసినది, ఏది బలహీనమైనది, బిడ్డ యే భంగిమలో కూర్చుండిన చేతులు స్వేచ్ఛగా కదలును, రాత్రివేళ కాలికి ఏ స్ప్లింటు కట్టవలెను, తుంటికి ఎప్పుడు ఎక్స్‌రే తీయించవలెను, ఏ పనికై ప్రయత్నించుట సార్థకము, ఏది వ్యర్థము - ఇవన్నియు వారు నిర్ణయింపవలసిన విషయములు. కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయమునకు చెందిన పరిశోధకులు ఈ పిల్లల చలనశక్తిని ఐదు అంతస్తులుగా విభజించు పద్ధతిని 1997లో ప్రకటించిరి. పరుగెత్త గలిగియు కొంత తొట్రుపడు బిడ్డ మొదటి అంతస్తు; తల నిలుపుటకే కష్టపడు బిడ్డ ఐదవది. అదే బృందము 2002లో మరియొక సంగతి బయటపెట్టినది. ఏ అంతస్తు బిడ్డయైనను, తాను పొందగల చలనశక్తిలో నూటికి తొంబదివంతులు ఐదేండ్లు నిండునప్పటికే పొందును. తీవ్రస్థితిలో నున్నవారికి ఆ గడువు మూడేండ్ల లోపుననే ముగియును.

ఈ లెక్క ఉపాధ్యాయులను కలవరపెట్టవలసినది. బిడ్డ పేరు బడి పట్టీకి ఎక్కునప్పటికే శ్రేష్ఠమైన కాలము గడచిపోయినదన్నమాట. ఐనచో దీనిని కనిపెట్టవలసినవారెవరు?

తెలుగింటిలో శిశువునకు స్నానము చేయించు పద్ధతి యొకటి గలదు. అమ్మమ్మయో నానమ్మయో పీటపై కూర్చుండి, కాళ్లు చాచి, పసిబిడ్డను ఆ కాళ్లపై పరుండబెట్టుకొని, నూనె రాచి, చేతులు కాళ్లు సాగదీసి, నలుగు పెట్టి నీళ్లు పోయును. ఆ ముసలి చేతులకు తెలిసినంత త్వరగా ఏ యంత్రమునకును తెలియదు. తొడలు విడదీయబోయిన విడవవు. గుప్పిలి విప్పిన మరల బిగుసుకొనును. ఎత్తిన తల వెనుకకు వాలును. మూడు నెలలు దాటినను మెడ నిలువదు. 'పిల్ల బిగుసుకొనుచున్న దేమే' యని ఆమె కూతురితో ననును. ఆ మాట ఆ స్నానపు గదియందే ఆగిపోవుచున్నది. కొన్ని యిండ్లలో ఇంకొంత బలముగా మర్దన చేసిన సరిపోవునని చేయుదురు. బిగిసిన కీలును బలవంతముగ లాగుట బిడ్డకు బాధ, కొన్నియెడల హాని. ఆ మాట అంగన్‌వాడీ కార్యకర్త చెవిని పడి, ఆమె నుండి ఆశా కార్యకర్తకును, ఆమె నుండి వైద్యునకును చేరవలసియున్నది. 2013లో దేశమంతట ఆరంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము సరిగ్గా ఇందుకే యేర్పడినది. పుట్టినది మొదలు పదునెనిమిదేండ్ల వరకు బిడ్డలను పరీక్షించుట, లోపము కనబడిన జిల్లా సత్వర చికిత్సా కేంద్రమునకు పంపుట దాని పని. ఏర్పాటు మంచిది. కాని అది 'జిల్లా' కేంద్రము.

ఇచట చట్టములోని ఒక మాటను పరికింపవలెను. 1995 నాటి వికలాంగుల చట్టమే మస్తిష్క పక్షవాతమును పేర్కొన్నది. 1999లో దీనికిని, ఆటిజము మున్నగు మరికొన్ని స్థితులకును కలిపి జాతీయ ట్రస్టు చట్టము వచ్చినది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టము వీనికంటె ముందుకు పోయినది. దాని 25వ విభాగము, ప్రభుత్వము నిర్ణయించు ఆదాయ పరిమితికి లోబడి, దివ్యాంగులకు ఉచిత వైద్యము సమీపముననే, విశేషించి గ్రామీణ ప్రాంతములలో, అందింపవలెనని శాసించుచున్నది. ఆ సమీపము ఎంత దూరమో చట్టము చెప్పలేదు. చెప్పనందున, దాని కొలత తల్లి నడుము మీద పడినది.

తల్లి యనుటలో ఉద్దేశము లేకపోలేదు. ఈ బిడ్డను ఆసుపత్రికి మోయునది సాధారణముగా ఆమెయే. రెండేండ్ల బిడ్డను చంకనెత్తుకొని, ఊరి నుండి ఆటోలో రోడ్డుకు వచ్చి, అచట బస్సు పట్టి, పట్టణములో మరల ఆటో ఎక్కి, వరుసలో కూర్చుండి, అరగంట చికిత్స చేయించి, అదే దారిని ఇల్లు చేరునప్పటికి ప్రొద్దు గ్రుంకును. ఆ నాటి కూలి పోయినది, ఛార్జీలు అదనము, ఇంటివద్ద నున్న పెద్దబిడ్డ ఆ పూట బడి మానినది. ఇట్లు వారమునకు మూడు దినములు రమ్మని వైద్యులందురు. మొదటి నెల వచ్చును, రెండవ నెల వచ్చును. నాలుగవ నెలలో ఏ తల్లియైన లెక్క చూచుకొనును. ఆమె మానినప్పుడు ఆసుపత్రి చిట్టాలో తలిదండ్రుల నిర్లక్ష్యమని వ్రాయుట సులభము. బిడ్డకు ఏడెనిమిదేండ్లు వచ్చి బరువు పెరిగిన కొలది ఎత్తుకొని బస్సెక్కుట అసాధ్యమగును. కాళ్లు పొడవు సాగు వయస్సదియే, కీళ్లు పట్టుకొనిపోవు వయస్సును అదియే. కావున చికిత్స యెప్పుడు మిక్కిలి అవసరమో అప్పుడే అది తెగిపోవుచున్నది.

2019 డిసెంబరు 26న సూర్యగ్రహణమునాడు కర్ణాటకలో, తెలంగాణకు ఇరుగున నున్న కలబురగి జిల్లాలోని ఒక గ్రామమున, అవయవలోపము గల బిడ్డలను మెడవరకు మట్టిలో పూడ్చి నిలిపిరి. అట్లు చేసిన కాళ్లు వచ్చునని వారి నమ్మిక. పత్రికలలో ఆ చిత్రములు చూచి నగరవాసులు మూఢత్వమని నవ్విరి. ఆ పని చేయదగినది కాదు; అందు సందేహము లేదు. కాని బిడ్డ కాళ్లకై ఏదైనను చేయుటకు సిద్ధపడిన తలిదండ్రులను నిర్లక్ష్యపరులనుట యెట్లు పొసగును? వారి ఊరికి గ్రహణము తానై వచ్చినది, ఫిజియోథెరపిస్టు రాలేదు.

తెలుగు రాష్ట్రములు రెండింటను పాఠశాల విద్యాశాఖ క్రింద మండల స్థాయిలో భవిత కేంద్రములు నెలకొనియున్నవి. ప్రత్యేకావసరములు గల పిల్లలకు బోధించు సిబ్బంది అచట నుందురు. నిర్ణీత దినములలో ఫిజియోథెరపిస్టు వచ్చును. బడికి రాలేని బిడ్డకు ఇంటివద్దనే విద్య గరపు ఏర్పాటును, వచ్చుపోవుటకు రవాణా భత్యమును గలవు. జిల్లా ఆసుపత్రితో పోల్చిన ఇది ఎంతయో దగ్గర. ఐనను ఒకే ఫిజియోథెరపిస్టు పెక్కు కేంద్రములకు తిరుగవలసి వచ్చినచో, ఒక్కొక్క బిడ్డకు వారమునకు చిక్కునది కొలది నిమిషములు. ఆ దినము పండుగ వచ్చినను, బిడ్డకు జ్వరము వచ్చినను మరుసటి వారము వరకు ఆగవలెను. వారమునకు అరగంట ఎక్కములు చెప్పి, తక్కిన ఆరు దినములు పలక ముట్టనీయక, పిల్లవానికి లెక్కలు రాలేదని చింతించు ఉపాధ్యాయుడుండునా? నడకయు ఎక్కముల వంటిదే. అనుదినము వల్లెవేసిన గాని అది శరీరమునకు అలవడదు.

చికిత్సా శాస్త్రము సైతము ఇటీవల ఈ వైపునకే మరలినది. నాజీల కాలమున జర్మనీ విడిచి లండను చేరిన బెర్తా బోబాత్, ఆమె భర్త కరెల్ బోబాత్ నెలకొల్పిన పద్ధతి అర్ధశతాబ్దికి పైగా ప్రపంచమంతట చెల్లుబడియైనది. నిపుణుని చేతులు బిడ్డ శరీరమును పట్టి, సరియైన కదలికకు మళ్లించుట అందు ప్రధానము. చేతులు నిపుణునివి కావున చికిత్స నిపుణుడున్న చోటనే జరుగవలెను. ఆస్ట్రేలియాకు చెందిన అయోనా నోవాక్, ఆమె సహచరులు అంతవరకు జరిగిన పరిశోధనలను పరిశీలించి 2013లో ప్రకటించిన సమీక్షలో ఈ విశ్వాసము నిలువలేదు. పరుల చేతులలో కదలుటకంటె, బిడ్డ తాను కోరిన యొక పనిని - గ్లాసు పట్టుటయో, మెట్టు దిగుటయో, అక్షరము దిద్దుటయో - నిజముగ ఆ పని యవసరమగు చోట, తన ప్రయత్నముతో, పలుమారులు చేయుటయే ఫలదాయకమని తేలినది. ఇంటివద్ద చేయించు అభ్యాసములకును అందు మంచిస్థానమే లభించినది. అంతకు ముందు 2009లో వారే ప్రచురించిన యొక ప్రయోగములో, నిపుణులు తలిదండ్రులతో కూర్చుండి బిడ్డ లక్ష్యములు నిర్ణయించి, చేతిపనులను ఇంట చేయించు విధము నేర్పిరి. ఆ తలిదండ్రులు సగటున నెలకు పదునేడు పర్యాయములకు పైగా, పర్యాయమునకు పదునారు నిమిషములకు పైగా చేయించిరి. ఎనిమిది వారములలోనే గుర్తింపదగిన మార్పు కనబడినది. పదునారు నిమిషములనగా పాఠశాలలో సగము పిరియడైనను కాదు.

కావున సమీపమును మైళ్లలో కాక నిమిషములలో కొలుచుట న్యాయము. బిడ్డకు దినమునకెన్ని నిమిషములు సరియైన అభ్యాసము లభించుచున్నది? ఈ ప్రశ్నకు సమాధానము కేంద్రముల సంఖ్యలో దొరకదు. ఇంటిలోను బడిలోను దొరకవలెను.

ఇది చదివిన ఉపాధ్యాయుడు నిట్టూర్చిన ఆశ్చర్యపడ పనిలేదు. జనాభా లెక్కలు, ఎన్నికల విధులు, మధ్యాహ్న భోజనపు లెక్క, మరుగుదొడ్ల ఛాయాచిత్రములు - ఇన్నింటి పైన ఇప్పుడు కాళ్లు సాగదీయుట కూడనా? ఈ ఆక్షేపణ సమంజసమైనదే. ఉపాధ్యాయుని ఫిజియోథెరపిస్టుగా మార్చుట యెవరికిని మేలు కాదు. ఆయన కీలును లాగవలసిన పనిలేదు, లాగనే కూడదు. ఆయన చేయదగినది వేరు. అది ఇంచుమించు ఆయన నిత్యకృత్యములోనే యిమిడియున్నది.

బల్ల సంగతి చూడుడు. మామూలు బల్లపై ఈ బిడ్డ కూర్చుండిన పాదములు గాలిలో వ్రేలాడును, నడుము జారును, పడకుండ నిలువుటకే రెండు చేతులును పట్టుకొనవలసి వచ్చును. ఆ చేతులతో బలపము పట్టుట యెట్లు? పాదముల క్రింద ఒక పీట, వీపునకు ఆనిక, ఇరుప్రక్కల చిన్న చెక్కలు, ముందు కొంచెము ఎత్తైన పలక - ఊరి వడ్రంగి ఒక పూటలో చేయదగిన పని. నేలపై కూర్చుండు తరగతియైనచో రెండు గోడలు కలియు మూలయే వీపునకు రెండువైపుల ఆసరా. కాళ్లు వెనుకకు మడిచి వానినడుమ కూలబడుట ఈ పిల్లలకు అలవాటు; దానిని తరచు మార్పించి, కొంతసేపు బాసిపట్టు వేయించుట, కొంతసేపు బల్లనానుకొని నిలువనిచ్చుట తోటి విద్యార్థులైనను గమనింపగలరు. నిలుచు చట్రమున్నచో పద్యము చదువు పిరియడు నిలుచుండి చదువవచ్చును. అది చదువును అగును, చికిత్సయు అగును. మెక్సికో గ్రామములలోని అనుభవముతో డేవిడ్ వెర్నర్ 1987లో ప్రచురించిన 'డిసేబుల్డ్ విలేజ్ చిల్డ్రన్' అను గ్రంథము వెదురు, చెక్క, పాత టైర్లు మున్నగు వానితో ఇట్టి సాధనములు చేయు విధమును బొమ్మలతో చూపినది. ఐతే పీట యెత్తెంత, ఆనిక వాలెంత యనునది ఒక్కొక్క బిడ్డకు వేరు. దానిని చెప్పుటకు ఫిజియోథెరపిస్టు ఒకమారు బడికి వచ్చి, బిడ్డ కూర్చుండు చోటనే బిడ్డను చూడవలెను. భవిత కేంద్రమున చూచిన చాలదు.

నొప్పి విషయము పెద్దలు సహితము మరతురు. ఈ బిడ్డలలో నలువురిలో ముగ్గురు నొప్పితో బాధపడుచున్నారని అధ్యయనములు చెప్పుచున్నవి. నలువురిలో ఒకరికి మాట రాదు. నొప్పి యని చెప్పనైన చెప్పలేరు. మధ్యాహ్నము మూడవ గంటకు పాఠము వినక ఏడ్చు బిడ్డది మొండితనము కాకపోవచ్చును, తుంటినొప్పి కావచ్చును. అట్లే మాట తడబడుట, చొంగ కారుట, ముఖము వంకరయగుట చూచి మందమతి యని తేల్చుట ఉపాధ్యాయ వృత్తికి తగనిది. వీరిలో ఇంచుమించు సగము మందికి బుద్ధిమాంద్యమే లేదు. దాని నెవరైనను శంకించిన, డబ్లిను నగరపు క్రిస్టీ బ్రౌనును తలచుకొనవలెను. బీదకుటుంబమున 1932లో జన్మించిన ఆ బాలుడు ఎడమకాలు తప్ప వేరవయవమును స్వాధీనముంచుకొనలేకపోయెను. ఐదేండ్ల ప్రాయమున ఆ కాలితోనే సుద్దముక్కను పట్టి నేలపై అక్షరము వ్రాసెను. నేర్పినది ఇంటిలోని తల్లి. 1954లో ఆతని ఆత్మకథ 'మై లెఫ్ట్ ఫుట్' వెలువడి లోకమంతయు చదివినది. సాహిత్యమున ఆతని విజయమును అందరు పొగడుదురు. కాని శాస్త్రీయమైన వ్యాయామ చికిత్స ఆతనికి లభించునప్పటికి ఆతడు యౌవనమున అడుగుపెట్టి యుండెను. అక్షరము ఐదేండ్లకే ఇంటికి వచ్చినది, చికిత్స రాలేదు.

భారతదేశమున ఈ పిల్లలకై తొలుత పూనుకొన్నది తల్లులును, స్వచ్ఛంద సంస్థలును. 1972లో ముంబయిలో మిథు అలూర్ తన కుమార్తె స్థితిచే ప్రేరితురాలై స్పాస్టిక్స్ సొసైటీ ఆఫ్ ఇండియాను స్థాపించెను. రెండేండ్లకు కలకత్తాలోను, 1985లో మద్రాసులోను అట్టివి వెలసినవి. ఇవి చేసిన సేవ అపారము. కాని మూడును మహానగరములే. తమిళనాడులో ఆయికుడి యను గ్రామమున 1981లో ఎస్. రామకృష్ణన్ నెలకొల్పిన అమర్ సేవా సంఘము వేరుదారి పట్టినది. ఆయనయు మెడ క్రింద చలనము కోల్పోయినవాడే. ఆ సంస్థ గ్రామములలోని కార్యకర్తలకు శిక్షణ యిచ్చి, వారిని ఇండ్లకు పంపి, నిపుణులు దూరము నుండి పర్యవేక్షించు పద్ధతిని అమలుపరచుచున్నది. బిడ్డ చేయు అభ్యాసము చేతిఫోను ద్వారా నమోదగును. నిపుణుడు చూచి మార్పు చెప్పును. తల్లి బస్సెక్క పనిలేదు.

ఈ మార్గమున ఒక ప్రమాదము పొంచియున్నది. ఇంటనే చేయవచ్చునని శాస్త్రము చెప్పినదని, ఇక ఫిజియోథెరపిస్టుల ఉద్యోగములు భర్తీ చేయనేల యని ప్రభుత్వము తలచుట కష్టము కాదు. ఖర్చు తగ్గించుటకు ఇంతకంటె గౌరవప్రదమైన సాకు దొరకదు. పైన చెప్పిన ఆస్ట్రేలియా ప్రయోగములో తలిదండ్రుల వెనుక ప్రతిదశలోను నిపుణుడుండెను. ఆ నిపుణుని తీసివేసిన మిగులునది తల్లికి మరియొక చాకిరి మాత్రమే. వ్యాయామములు ముద్రించిన కాగితమొకటి చేతిలో పెట్టి పంపుట చికిత్స యనిపించుకొనదు. బిడ్డ పెరిగిన కొలది లక్ష్యము మారును, స్ప్లింటు బిగువగును, పీట పొట్టియగును. మూడు నెలలకొకసారియైన నిపుణుని కన్ను పడకున్న, ఇంట చేయు శ్రమ తప్పుదారి పట్టవచ్చును. ఇంకను, ఆ తల్లికి వంట, కూలి, తక్కిన పిల్లలు గలరు. అభ్యాసము ఆమె ఒక్కతె భారముగాక, తండ్రికిని, నానమ్మకును, అన్నదమ్ములకును పంచబడిన గాని సాగదు. స్నానపు వేళ నానమ్మ చేతులు ఎట్లును బిడ్డపైనే యుండును. ఆ చేతులకు సరియైన పద్ధతి నేర్పుటకు ఒక గంట చాలును.

మండల సమావేశములలో ప్రధానోపాధ్యాయులు అడుగదగిన ప్రశ్న లిట్టివి: ఫిజియోథెరపిస్టు ఈ మండలమునకు నెలకు ఎన్ని దినములు వచ్చుచున్నాడు, అందు ఎన్ని దినములు బడికిని బిడ్డ యింటికిని పోవుచున్నాడు, రవాణా భత్యము తల్లి చేతికి ఏ నెలలో చేరినది, జాతీయ ట్రస్టు వారి నిరామయ బీమా, ఏడాదికి లక్ష రూపాయల వరకు చికిత్సా వ్యయము నిచ్చునది, ఊరిలో ఎవరి పేరనైన నున్నదా లేదా. పట్టీలో ఆ పేరు ప్రక్కన ఈ సమాధానములు వ్రాయుటకు వేరొక నిలువుగడి గీయుటకు ఎవరి యనుమతియు అక్కరలేదు.

వేసవి సెలవులు మరియొక చిక్కు. ఏప్రిలు చివరను బడికి తాళము పడును, జూనులో తీయుదురు. ఆ యేడెనిమిది వారములు పాఠములు మరచిన పిల్లలకు జూలైలో మరల చెప్పుకొనవచ్చును. ఎదుగు వయస్సులో నున్న బిగిసిన కండరము ఆ వారములలో కోల్పోయిన సాగుదలను అంత సులభముగ తిరిగి యీయదు. ఆఖరి పనిదినమున పరీక్షాఫలితములు చదువు వేళ, ఆ యొక్క బిడ్డ తల్లినో నానమ్మనో బడికి రప్పించి, ఫిజియోథెరపిస్టు ఎదుట నాలుగు అభ్యాసములు వారిచేత చేయించి చూచి, నోటుపుస్తకములో బొమ్మలు గీసి యిచ్చి, బడిలోని నిలుచు చట్రమును సెలవులకు ఆ యింటికి పంపుట - ఇంతపని ఏ యుత్తరువు కొరకును ఎదురుచూడకుండ ఈ యేప్రిలులోనే జరుగవచ్చును. చట్రము మోయుటకు ఏడవ తరగతి పిల్లలు నలుగురు చాలుదురు.